వాడుకైన వడిసెల

పాఠము: 1 సమూయేలు 17:38-40

దావీదు గొల్యాతును పడగొట్టిన సంగతి సండేస్కూలు పిల్లలు సహితము ఎరుగుదురు. యుద్ధమునకు పోకమునుపు అతడు చేసిన చిన్న పనిని మాత్రము మనము అంతగా తలంచము. సౌలు తన శిరస్త్రాణమును కవచమును అతనికి తొడిగించెను. దావీదు నడచి చూచెను; కాలు సాగలేదు. వాటిని తీసివేసి, తన కఱ్ఱను, వడిసెలను, ఏటిలోని అయిదు నున్నని రాళ్లను తీసికొని బయలుదేరెను. సౌలు మిక్కిలి ఎత్తరియని 9:2లో చదువుచున్నాము. ఆ కవచము చెడ్డది కాదు, అతని కొలతకు తగినది, అంతే. దావీదు దానిని నిందింపలేదు.

ఇప్పుడు మన చేతిలోని సెల్‌ఫోను సంగతి చూతము. చేయవలసిన పనులను వ్రాసికొనిన యెడల వేళకు జ్ఞాపకము చేయు యాప్‌లు అనేకములున్నవి: గూగుల్ కీప్, మైక్రోసాఫ్ట్ టు డూ, టోడోయిస్ట్ మొదలైనవి. రోగుల దర్శనము, బాప్తిస్మపు తరగతి, వివాహ ప్రకటనలు, కానుకల లెక్క ఇవన్నియు తలలో నిలుచునవి కావు గనుక సంఘపు పనికి ఇవి మేలైనవే.

ఒక సంఘములో యౌవనుల కార్యదర్శి చురుకైనవాడు. ఏడాదిలో నాలుగు యాప్‌లు మార్చెను. క్రొత్తది కనబడగానే రంగులు దిద్ది, జాబితాలు పేర్చి, రెండు వారములు సంతోషించెడివాడు. ఒక విధవరాలిని కంటి ఆపరేషనుకు పట్టణము తీసికొనిపోవుదునని మాట ఇచ్చి, ఆ తేదీని రెండవ యాప్‌లో వ్రాసెను. ఆ దినము వచ్చునప్పటికి దానిని తీసివేసి మూడవది పెట్టుకొనియుండెను. గంట మ్రోగలేదు. ఆమె తెల్లవారుజాము మొదలు మూట పట్టుకొని బస్సు స్టాపులో కూర్చుండి, మధ్యాహ్నమునకు ఇల్లు చేరెను. యాప్‌లు నాలుగును మంచివే. క్రొత్తదానిని అలంకరించుట పని చేసినట్లే తోచును. శోధన అక్కడనే యున్నది.

కాబట్టి ఒకదానిని తొడిగి, దావీదువలె నడచి చూడుడి. ఒక నెల నిజమైన పనిని దానిమీద ఉంచుడి. పేరు, పని, దినము నిమిషములో వ్రాయగలమా? సిగ్నలు లేని పొలము గట్టున తెరచుకొనునా? కీప్‌లో సిగ్నలు లేకున్నను వ్రాయవచ్చును. టు డూలో 'మై డే' అను పుట ప్రతి రాత్రి ఖాళీయగును. ముగియని పని తన జాబితాలోనే నిలిచియుండును, మరునాడు మరల మనమే ఎన్నుకొనవలెను. నాకిది మత్తయి 6:34కు దగ్గరగా తోచుచున్నది. కాలు సాగినయెడల ఇక వెదకుట మానుడి.

ఎన్నడును మారకూడదని కాదు. వండర్‌లిస్ట్ అను యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని, 2020 మే నెలలో మూసివేసెను. వాడువారు మారక తప్పలేదు. అట్టి వేళ ప్రతి పేరును క్రొత్తదానికి చేర్చి, సరిచూచిన పిమ్మటనే పాతదానిని విడువవలెను.

సంఘపెద్దలలో కొందరికి జేబులోని చిన్న నోటుపుస్తకమే వడిసెల. వారిని ఫోనుకు త్రిప్ప పనిలేదు. అయితే పుస్తకము గలవారును ఫోను గలవారును ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత కూర్చుండి, ఆ వారము ఎవరికి ఏ మాట ఇచ్చితిమో బిగ్గరగా చదువుకొనుట మంచిది. విధవరాండ్ర పేర్లు మొదట చదువుడి.