ఆసుపత్రి పత్రాలలో ‘కసి’: అంటు, మార్పిడి పదాల పరిచయం

కర్ణాటక నగరాల ఆసుపత్రులలో ‘అంగాంగ కసి’ అనే మాట కనిపిస్తుంది. తెలుగులో కసి అంటే పగ. కన్నడంలో అది మామిడికి, గులాబీకి కట్టే అంటు. తోటపనిలోని ఆ మాటే అక్కడ వైద్యానికీ వచ్చింది. ‘అంగాంగ కసి’ అంటే అవయవ మార్పిడి. ‘చర్మ కసి’ అంటే చర్మపు అంటు.

వైద్యులు సాధారణంగా గ్రాఫ్ట్ అనేది అంటును, ట్రాన్స్‌ప్లాంట్ అనేది మార్పిడిని. కాలిన గాయంపై పలుచని చర్మపు పొరను పరిచినప్పుడు దాని రక్తనాళాలను కుట్టరు. గాయపు అడుగు నుండి కొత్త నాళాలు కొద్ది రోజులలో అందులోకి పెరుగుతాయి. అంతవరకు కట్టు కదలరాదు. మూత్రపిండం వంటి అవయవాన్ని అమర్చినప్పుడు మాత్రం రక్తనాళాలను వెంటనే కుట్టి కలుపుతారు.

ఎవరి నుండి తీసుకున్నారన్నదాన్ని బట్టి మరి మూడు పేర్లు ఉన్నాయి. రోగి శరీరం నుండే తీస్తే ఆటోగ్రాఫ్ట్, మరొక మనిషి నుండి తీస్తే అలోగ్రాఫ్ట్, జంతువు నుండి తీస్తే జీనోగ్రాఫ్ట్. చర్మపు అంటు పత్రంలో ‘డోనర్ సైట్’ అని ఉంటే మరొక దాత ఉన్నాడని అర్థం కాదు. అది చర్మం తీసే చోటు. తరచుగా రోగి తొడే.

‘రిజెక్షన్’ అంటే ఆసుపత్రి చికిత్సకు నిరాకరించడం కాదు. పరాయి అవయవాన్ని శరీరమే తిరస్కరించడం. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మూత్రపిండ మార్పిడి ఫలించడానికి కారణం, దాత, గ్రహీత ఏకరూప కవలలు కావడమే. ఇతరులకు తిరస్కరణను అడ్డుకునే మందులు అవసరం. ఒంట్లో బాగుందనీ, సొంత ఊరికి వెళ్ళామనీ వాటిని మానితే అమర్చిన అవయవం చెడిపోవచ్చు.

‘ఒప్పిగె పత్ర’ అంటే అంగీకార పత్రం; ‘సహి’ అంటే సంతకం. సహి చేసేముందు కుటుంబం మూడు ప్రశ్నలు అడగాలి. అమర్చేది ఎవరి నుండి తీస్తారు? ఈ పత్రం దాతదా, గ్రహీతదా? మందులు ఎంతకాలం వాడాలి? అవయవాలకు బదులుగా ఎవరైనా డబ్బు అడిగినా, ఇస్తామన్నా ఆ పత్రంపై సంతకం చేయరాదు. 1994 నాటి చట్టం ప్రకారం అవయవాల క్రయవిక్రయాలు నేరం. కన్నడం చదవలేనివారు పత్రాన్ని తెలుగులో చదివి వినిపించమని కోరడానికి సంకోచించనక్కరలేదు.