ఇంట్లోనే కండబలం: ఏ సాధనం కొనాలి?



"కింద కూర్చుంటే లేవలేకపోతున్నారు" అన్న మాట మన ఉద్దానంలో చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరినా, ఎక్కువకాలం మంచం మీద ఉన్నా, వయసు మీరినా కండరాలు కరుగుతాయి. పలాసలో రోజంతా కూర్చుని జీడిపిక్కలు కొట్టేవారికి చేతులు ఆడతాయి గాని తొడలకు పని ఉండదు. పెద్దలందరూ వారానికి కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అందుకు వేల రూపాయల యంత్రం అక్కరలేదు. మన ఒంటి బరువే చాలు. దానికి సాయంగా ఏమేమి కావాలో తెలుసుకుందాం.

1. కుర్చీ: బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించి వేయండి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ గచ్చు మీద జారుతుంది. మెల్లగా లేచి, మెల్లగా కూర్చోవాలి. 8 నుండి 10 సార్లు చేయండి. మొదట్లో తొడల మీద చేతులు ఊని లేచినా ఫరవాలేదు. పెద్దవారి పక్కన ఒకరుండాలి.

2. గోడ: చెయ్యి చాచితే అందే దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించండి. మోచేతులు వంచి ముందుకు వాలి, తిరిగి వెనక్కి నెట్టుకోండి. నేల మీద దండీలు తీయలేనివారికి ఇదే దండీ.

3. రబ్బరు పట్టీ: డబ్బు పెట్టి కొనదలిస్తే ముందుగా ఇది కొనండి. రంగును బట్టి బిగువు మారుతుంది గాని అన్ని కంపెనీల రంగులూ ఒకటి కావు. దుకాణంలోనే లాగి చూసి తేలికైనది తీసుకోండి. ఎండలో ఉంచకండి. పగుళ్ళు కనబడితే పారవేయండి.

4. తలుపుకు బిగించే కడ్డీ: ఇది ఆరోగ్యంగా ఉన్న యువకులకే. చెదపట్టిన ద్వారబంధానికి బిగించవద్దు. మన సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కాబట్టి నెలకొకసారి పరీక్షించండి.

కిడ్నీ గురించి జాగ్రత్తలు

కొత్తగా వ్యాయామం చేస్తే ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులు సహజం. వాటికి దుకాణంలో నొప్పి బిళ్ళలు కొని మింగకండి. డైక్లోఫినాక్, ఇబుప్రోఫెన్ వంటివి కిడ్నీలను దెబ్బతీయగలవు. కండలు పెరుగుతాయని చెప్పి అమ్మే ప్రోటీన్ పొడి కూడా వైద్యుని అడగకుండా వాడవద్దు. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ బాధా చూపదు. కనుక ముందుగా మూత్రపరీక్ష, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. టెక్కలి ప్రభుత్వాసుపత్రిలో గాని, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రిలో గాని, మీ వైద్యుని వద్ద గాని అడగండి.

డయాలసిస్ చేయించుకునేవారు ముందు వైద్యుని అనుమతి తీసుకోవాలి. ఫిస్టులా ఉన్న చేతికి పట్టీ చుట్టకూడదు, ఆ చేతితో వేలాడకూడదు, బరువులు ఎత్తకూడదు. డయాలసిస్ అయిన వెంటనే వ్యాయామం వద్దు. రక్తపోటు తగ్గి కళ్ళు తిరగవచ్చు. నీళ్ళు వైద్యుడు చెప్పిన కొలత మేరకే తాగాలి.

ఛాతీనొప్పి, ఆయాసం, తల తిరగడం వస్తే ఎవరైనా సరే వెంటనే ఆపి వైద్యునికి చూపించుకోవాలి.

ఈ వారం ఇలా మొదలుపెట్టండి

30 సెకన్లలో కుర్చీ నుండి ఎన్నిసార్లు లేవగలిగారో క్యాలెండరు మీద రాయండి. వారానికి 2 రోజులు సాధన చేసి, నెల తరువాత మళ్ళీ లెక్కించండి. మన దేహం దేవుని ఆలయమని పౌలు కొరింథీ సంఘానికి గుర్తుచేశాడు. ఆ ఆలయాన్ని కాపాడుకోవడానికి ఇంట్లో ఉన్న కుర్చీ, గోడ చాలు.