మూగవోయిన రేడియో

పెన్నానది యొడ్డున నున్న తాడిపత్రి పట్టణము బుగ్గ రామలింగేశ్వరాలయమునకును, చింతల వేంకటరమణాలయమునకును, నాపరాళ్లకును పేరుగాంచినది. అచటి పాత మిద్దెలలో అటకపై నెక్కడనైన నొక పెద్ద కొయ్యపెట్టె కనబడినచో దానిని దించి చూడుడు. అది వాల్వు రేడియో కావచ్చును. 1948లో విజయవాడయందును, 1963లో కడపయందును ఆకాశవాణి కేంద్రములు వెలసినవి. ఆ దినములలో వార్తలను, సంగీతమును, వ్యవసాయ విషయములను వినుటకు ఇరుగుపొరుగువారు ఇట్టి పెట్టె చుట్టును చేరెడివారు. దాని నుంచుకొనుటకు పోస్టాఫీసులో రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెడిది. పిమ్మట చౌకయగు ట్రాన్సిస్టరు రేడియోలు వచ్చుటచే ఈ పెట్టె అటకెక్కినది. పాతసామానులవానికి తూకమున కిచ్చుటకు ముందు, అది మరల పలుకునేమో విచారింపవలదా?

వాల్వు అనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. 1904లో ఫ్లెమింగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రెండు ధ్రువముల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికా దేశీయుడగు లీ డి ఫారెస్టు దానియందు గ్రిడ్డు అను మూడవ ధ్రువమును చేర్చెను. లోపలి భాగము ఎఱ్ఱగా కాగినపుడు ఎలక్ట్రానులు వెలువడి ఎదుటి పలకను చేరును. నడుమనున్న గ్రిడ్డుపై పడిన స్వల్ప సంకేతమే ఆ ప్రవాహము నంతను హెచ్చించుచు తగ్గించుచు నుండును. చెరువు తూమును కొంచెము కదల్చిన కాలువలోని నీరంతయు హెచ్చుతగ్గులగుట మీరెఱిగినదే గదా!

రేడియో పలుకకున్నచో వాల్వులే కాలిపోయినవని పలువురు తలంతురు. కాని మంచి వాల్వులు దశాబ్దములు గడచినను పనిచేయగలవు. కాలమునకు లొంగునవి కండెన్సర్లు. వానిలో కొన్నింటియందు విద్యుత్తును నిలుపు ద్రవమో, తడిముద్దయో యుండును. కరవుసీమ యెండలకు అటకపై నున్న పెట్టెలో అది క్రమముగా ఎండిపోవును. అప్పుడు స్పీకరునుండి గుయ్యిమను మ్రోత తప్ప వేఱొకటి వినరాదు. మైనపు కాగితముతో చేసిన కండెన్సర్లు నిలుపవలసిన విద్యుత్తును నిలుపలేక కార్చుచుండును. తీగల రబ్బరు పెళుసై రాలిపోవును. ఇంతియ గాక దుమ్ము, బొద్దింకలు, ఎలుకలు కొఱికిన తీగలు!

ఇట్టి స్థితిలో ఆత్రముతో స్విచ్చి నొక్కినచో నేమగును? చివరి వాల్వునకు ముందున్న చిన్న కండెన్సరు కారుచున్న యెడల, ఆ వాల్వుగుండ మితిమీరిన విద్యుత్తు ప్రవహించును. వాల్వును, దానికి సంబంధించిన ట్రాన్స్‌ఫార్మరును మాడిపోవును. కొలది రూపాయల వస్తువు చెడియుండగా, నేడు సులభముగ దొరకని వస్తువులు నశించును. పెట్టెను చంపునది వార్ధక్యము కాదు, మన తొందరపాటు.

కావున బాగుచేయుట కొక క్రమము కలదు. మొదట మెత్తని కుంచెతో దుమ్మును దులుపవలెను. స్టేషనుల పేర్లున్న అద్దమును నీటితో కడుగరాదు, అక్షరములు చెరిగిపోవచ్చును. వాల్వుల స్థానములను కాగితముపై గుర్తించుకొనవలెను. ట్రాన్స్‌ఫార్మరు చుట్టలు తెగలేదని మీటరుతో పరీక్షింపవలెను. చెడిన కండెన్సర్లను, పెళుసైన తీగలను మార్చవలెను. తుదకు 100 వాట్ల ఫిలమెంటు బల్బును రేడియోతో శ్రేణిలో కలిపి విద్యుత్తు నీయవలెను. బల్బు మొదట వెలిగి పిదప మందగించినచో శుభలక్షణము. ప్రకాశవంతముగ వెలుగుచునే యున్నచో లోపల దోషము కలదని యెఱిగి వెంటనే ఆపవలెను. అప్పుడు అధిక విద్యుత్తును బల్బు అడ్డగించుటచే పెట్టె బ్రదుకును.

బాలలారా, ఒక హెచ్చరిక! ఇట్టి పెట్టెలో 250 ఓల్టులును, అంతకు మించియు నుండవచ్చును. ప్లగ్గు తీసిన పిదపను కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండును. కొన్ని పెట్టెలలో లోపలి ఇనుపచట్రమునకే కరెంటు తగిలియుండును. తెలిసిన పెద్దలు లేనిదే దీనిని విప్పరాదు.

అన్నియు సరియైన పిమ్మట వాల్వులు వేడెక్కుటకు కొంతసేపు పట్టును. అనంతపురము ఎఫ్.ఎం. కేంద్రము వినబడలేదని చింతింపవలదు. ఇట్టి పెట్టెలు చాలవరకు మీడియం వేవు, షార్టు వేవులకొఱకే నిర్మింపబడినవి. మీడియం వేవు తరంగములు రాత్రివేళ పై వాతావరణమున ప్రతిఫలించి దూరము పయనించును గనుక, చీకటి పడిన పిదప ముల్లును మెల్లగా త్రిప్పి చూడుడు.

మార్చిన పాత భాగములను పాఱవేయక, ఒక సంచిలో కట్టి ఆ పెట్టెలోనే యుంచుట మంచి పద్ధతి. ఏది పూర్వులు కూర్చినదో, ఏది మనము చేర్చినదో తరువాతివారికి తెలియును. చెడిన వస్తువునకు బలమును ప్రయోగించుటకు ముందు కారణమును వెదకుట, ఉన్నదానిని వీలైనంతవరకు నిలుపుట, చేసినదానిని దాచకుండుట — ఈ మూడును రేడియోకు మాత్రమే చెల్లు నియమములు కావు.