బొంగురు గొంతు – వినేవారి తీర్పు

మనిషిని చూడకముందే కంఠం విని మనం ఒక అభిప్రాయానికి వస్తాము. టెలిఫోనులో బొంగురు గొంతు వినిపిస్తే కోపిష్టి అనో, తాగి ఉన్నాడనో తలుస్తాము. గొంతు వణికితే పిరికివాడంటాము. ఆ గొంతుకు జబ్బు చేసి ఉండవచ్చునన్న ఆలోచన చివరికి గాని రాదు. స్వరదోషం గలవారిని శ్రోతలు స్వభావంలోనూ, సామర్థ్యంలోనూ తక్కువగా అంచనా వేస్తారని పరిశోధనలు చెబుతున్నాయి.

మా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో గొంతే జీవనాధారమైనవారు ఎందరో! డోలు మోతను మించి గొంతెత్తే ఒగ్గు కథకులు, ఉపాధ్యాయులు, బస్సు కండక్టర్లు, అంగడిలో కేకవేసి అమ్మేవారు. ఒగ్గు కథలో గొంతు బొంగురుపోతే ఎవరూ తప్పుపట్టరు. అదే బొంగురు పెళ్లిచూపులలో పిల్లకు ఉంటే మొరటుదంటారు. జగిత్యాల నుండి నా వద్దకు వచ్చిన ఒక ఉపాధ్యాయిని, "నేనెప్పుడూ పిల్లలను కసురుతానని తల్లిదండ్రులు అనుకుంటున్నారండీ" అని కంటతడి పెట్టారు. ఆమెది కోపం కాదు, స్వరభేదం.

ఎందుకు వస్తుంది?

కంఠంలోని రెండు స్వరతంత్రులు కలిసి, పురుషులలో సెకనుకు సుమారు 100 సార్లకు పైగా, స్త్రీలలో సుమారు 200 సార్లు కంపిస్తాయి. అవి వాచినా, కాయలు కాచినా సరిగా కలియవు. గాలి జారి గొంతు బొంగురుపోతుంది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం స్వరభేదాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాత, క్షయ, మేదోజములని ఆరు విధాలుగా చెప్పింది. బిగ్గరగా మాట్లాడటం, అతిగా వల్లెవేయటం కారణాలలో చేర్చింది. వాతజ స్వరాన్ని గాడిద కూతతో పోల్చింది. ఆ వైద్యుడూ చెవితోనే విన్నాడు. కాని వెతికింది మనిషి గుణాన్ని కాదు, దోషాన్ని.

గృహవైద్యం

1. గొంతుకు విశ్రాంతి ముఖ్యం. గుసగుసలాడటం విశ్రాంతి కాదు; మెల్లగా, మామూలుగా మాట్లాడాలి.
2. గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి రోజుకు రెండుసార్లు పుక్కిలించాలి.
3. అతిమధురం చూర్ణం ఒక గ్రాము తేనెతో కొద్దిరోజులు చప్పరించాలి. రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వాడరాదు.
4. బీడీ, సిగరెట్టు, సారా మానాలి. నీరు తరచుగా తాగాలి.

ఇవి ఉపశమనానికే, కాయలను కరిగించవు. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే, మింగటం కష్టమైనా, రక్తం పడినా చెవి–ముక్కు–గొంతు వైద్యునికి తప్పక చూపించాలి. పొగతాగేవారు అసలు ఆలస్యం చేయరాదు. అది కంఠపు క్యాన్సరుకు తొలి గుర్తు కావచ్చు.

ఇకమీదట ఎవరి గొంతైనా కటువుగా వినిపిస్తే, మనిషిని తూచే ముందు "గొంతు ఎన్నాళ్లనుండి ఇలా ఉంది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న వారిని సకాలంలో వైద్యుని వద్దకు చేర్చవచ్చు.