యంత్ర నిదానం

ఉద్దేశం: శాస్త్రీయ దృష్టి ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైనది కాదు. నూనె మరకల నడుమ సాగే మెకానిక్ షెడ్డు పనిలోనూ దాని అవసరం ఉంది. పెద్ద మరమ్మతు జరిగిన పాత వాహనంలో దోషాన్ని వెదకే క్రమాన్ని తెలుపుతూ, తొందరపాటు లేని ఆలోచనా విధానాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆయుర్వేదంలో రోగ కారణాన్ని నిర్ణయించడాన్ని ‘నిదానం’ అంటారు. వాడుక తెలుగులో అదే మాటకు తొందరపడకపోవడం అని అర్థం. ‘నిదానమే ప్రధానం’ అనే లోకోక్తిలో పెద్దలు ఉద్దేశించినది ఈ రెండవ అర్థమే. అయితే రోగిని పరీక్షించే వైద్యునికి రెండు నిదానాలూ కావాలి. మొరాయించిన యంత్రం ముందు నిలిచిన మెకానిక్‌కు కూడా ఆ రెండూ కావాలి.

నేటి కార్లలో చాలా దోషాలను కంప్యూటరే గుర్తించి సంకేతం ఇస్తుంది. పాత వాహనానికి ఆ సౌకర్యం లేదు. శబ్దం, పొగ, వేడి, వాసన - ఇవే దాని భాష. ఆ భాష తెలిసినవారికి అది తన బాధను దాచకుండా చెబుతుంది. ఇందుకు అంబాసిడర్ కారు మంచి ఉదాహరణ. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివరి నుండి 2014 వరకు ఈ కారు తయారయింది. మంత్రుల వాహనంగా, అద్దె కారుగా, పెళ్లివారి బండిగా అది తెలుగునాట కూడా ఊరూరా తిరిగింది. దానిలో దీర్ఘకాలం వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో 4 సిలిండర్లు ఉంటాయి.

లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజను అరిగి శక్తి తగ్గినప్పుడు దానిని పూర్తిగా విప్పవలసి వస్తుంది. లేత్ షాపులో సిలిండర్లకు బోరు చేయిస్తారు. కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేస్తారు. వాల్వులను, అవి కూర్చునే సీట్లను నూరి సరిచేస్తారు. కొత్త గ్యాస్కెట్ వేసి హెడ్డు బిగిస్తారు. ఈ పనిలో ఎన్నో భాగాలు ఊడి, మళ్లీ తమ స్థానాలకు చేరుతాయి. కావున మరమ్మతుకు ముందు లేని దోషం ఆ తరువాత కనిపిస్తే, మొదట చూడవలసినది చెయ్యి పడిన చోటునే.

అయితే మరమ్మతు తరువాత కనిపించే ప్రతి మార్పూ దోషం కాదు. కొత్త రింగులు సిలిండరు గోడలకు ఒదిగే వరకు కొద్దిగా నీలిపొగ రావచ్చు. ఇంజను కొంత బిగువుగా తిరగవచ్చు. ఇవి క్రమంగా తగ్గుతాయి. నీలిపొగ రోజురోజుకు పెరిగితే ఆయిల్ మండుతున్నదని గ్రహించాలి. నల్లపొగ వస్తే పెట్రోలు అవసరానికి మించి వెళుతున్నదని అర్థం. ఇంజను వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లపొగ వస్తూ, రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే, ఆ నీరు గ్యాస్కెట్ దాటి సిలిండరులోకి చేరుతున్నదేమో చూడాలి. ఇక ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగితే ఏ పరీక్షా చేయకుండా వెంటనే ఇంజను ఆపాలి. ఆయిల్ అందని కొత్త బేరింగులు కొద్ది నిమిషాలలోనే పాడవుతాయి.

కొన్ని దోషాలు అసలు ఇంజనులోనే ఉండవు. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుంటుంది. దానికీ బాడీకీ మధ్య విద్యుత్తు ప్రవహించడానికి ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. ఇంజనును దించి ఎక్కించినప్పుడు ఈ పట్టీని బిగించడం మరచిపోతే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. దారి లేని విద్యుత్తు చోక్ తీగ గుండా పోయి దానిని కాల్చివేయవచ్చు కూడా. ఆ సంగతి గమనించనివారు బ్యాటరీ మారుస్తారు, సెల్ఫ్ మోటారు మారుస్తారు. దోషం మాత్రం అక్కడే ఉంటుంది.

నిదానక్రమం స్పష్టం కావడానికి ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. అద్దెకు కారు తిప్పే ఒక డ్రైవరు అప్పు చేసి తన అంబాసిడరుకు ఇంజను పని చేయించాడు. ఉదయం బండి చక్కగా కదులుతుంది. 10 కిలోమీటర్లు నడిచేసరికి మిస్సింగ్ మొదలవుతుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజను వణుకుతుంది. సైలెన్సరులో టప్పుటప్పుమని చప్పుడు వస్తుంది. పెట్రోలు కల్తీ అని ఒకరు, కార్బురేటరు మార్చాలని మరొకరు చెప్పారు. రింగులు పోయాయి, ఇంజను మళ్లీ విప్పాలని ఇంకొకరు తేల్చారు. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు అతని ఇంటికి రాబడి లేదు.

చివరకు అతడు ఒక వృద్ధ మెకానిక్ వద్దకు వెళ్లాడు. ఆయన పానా చేతబట్టలేదు. ముందు ప్రశ్నలు వేశాడు.

“ఈ జబ్బు ఇంజను పనికి ముందు ఉన్నదా బాబూ?”

“లేదు మేస్త్రిగారూ, ఆ తరువాతే వచ్చింది.”

“చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతనా?”

“వేడెక్కిన తరువాతే.”

ఈ రెండు జవాబులతో సగం దారి తెలిసింది. ఈ ఇంజనులో సిలిండర్లు 1-3-4-2 వరుసలో మండుతాయి. ప్లగ్గు వైర్లు ఆ వరుస తప్పి ఉంటే ఇంజను ఉదయం కూడా సరిగా నడవదు. గాలి లోనికి వెళ్లే దారిలో గ్యాస్కెట్ లీకై ఉంటే చల్లగా ఉన్నప్పుడు కూడా వణుకు కనిపించాలి. కావున వేడితో ముడిపడిన కారణాన్ని వెదకాలి.

ఆయన ఇంజనును వేడెక్కనిచ్చి, పిడికి విద్యుత్తు తగలని పట్టకారుతో ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తీసి పెట్టాడు. మూడింటి విషయంలో వైరు తీయగానే ఇంజను వేగం తగ్గింది. 3వ సిలిండరు వైరు తీసినప్పుడు ఏ మార్పూ లేదు. అంటే ఆ సిలిండరు పని చేయడం లేదు. దాని ప్లగ్గును, వైరును 2వ దానితో మార్చి చూశాడు. దోషం 3వ సిలిండరులోనే మిగిలింది. నిప్పురవ్వ లోపం కాదని తేలింది.

తరువాత ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కించి, గేజితో కంప్రెషన్ చూశాడు. 3వ సిలిండరులో మాత్రమే పీడనం తక్కువగా ఉంది. దానిలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. రింగుల వద్ద లీకు ఉంటే ఆయిల్ ఆ సందులను పూడ్చి పీడనాన్ని పెంచుతుంది. ఇక్కడ పెరగలేదు. రింగులు నిర్దోషులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో పీడనం తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్‌ను అనుమానించాలి. తగ్గినది ఒక్కదానిలోనే కనుక అనుమానం వాల్వు మీదికి మళ్లింది.

పై మూత తీసి ఫీలర్ గేజితో కొలవగా, 3వ సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వుకు, దానిని నొక్కే రాకరుకు మధ్య సందు దాదాపు లేదు. ఉండవలసిన ఆ సందు మిల్లీమీటరులో సగం కూడా కాదు. కాని ఇంజను ప్రాణం అందులోనే ఉంది. కొత్తగా నూరిన సీటులో వాల్వు కొద్దిగా లోనికి కుదురుకుంటే దాని కాడ పైకి జరిగి ఈ సందు తగ్గుతుంది. వేడికి కాడ ఇంకా సాగుతుంది. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు. మండే వాయువు ఆ చీలికలో నుండి తప్పించుకుంటుంది. కొంతకాలానికి వాల్వు అంచు కాలిపోతుంది.

మేస్త్రి ఒక స్క్రూడ్రైవరు, ఒక స్పానరుతో ఆ సందును సరిచేసి, మిగిలిన వాల్వులనూ కొలిచి చూశాడు. మరలా ఇంజనును వేడెక్కించి అదే పరీక్ష చేసేసరికి, 3వ వైరు తీసినప్పుడు కూడా వేగం తగ్గింది. కొత్త భాగం ఒక్కటైనా కొనవలసిన అవసరం కలగలేదు. “మొదట పని చేసినవాని తప్పేనా?” అని డ్రైవరు అడిగితే, “సీటు కుదురుకున్నాక సందు మరొకసారి చూడాలని నీకు చెప్పి ఉండవలసింది. అంతకు మించి నింద వద్దు” అన్నాడు.

నింద సులభం, నిదానం కష్టం. ఒకేసారి నాలుగు భాగాలు మార్చినవానికి బండి బాగుపడినా కారణం తెలియదు. ఒక్కొక్క అనుమానాన్ని పరీక్షకు పెట్టి తొలగించేవానికి అది తప్పక దొరుకుతుంది. బీదవాని బండి విషయంలో ఈ తేడా ఒక నెల రాబడితో సమానం. తేలికైన పరీక్ష ముందు, ఇంజను విప్పడం చివర - ఇదే యంత్ర నిదానంలోని సారం.

అభ్యాసం

1. ‘నిదానం’ అనే మాటకు గల రెండు అర్థాలను తెలిపి, అవి మెకానిక్‌కు ఎట్లా ఉపయోగపడతాయో వివరించండి.
2. సిలిండరులో ఆయిల్ పోసి చేసిన పరీక్ష వలన ఏమి తెలిసింది?
3. ఉదయం బాగా నడిచిన ఇంజను వేడెక్కిన తరువాత ఎందుకు మొరాయించింది?
4. ‘నింద సులభం, నిదానం కష్టం’ - ఈ వాక్యాన్ని మీ అనుభవంలోని ఒక సందర్భానికి అన్వయించి రాయండి.