మే 24, షిల్లాంగ్

ఆరంభశూరులకు మన దగ్గర కొదవ లేదు. జనవరి ఒకటిన కొన్న డైరీలో ఫిబ్రవరి పేజీలు ఎంత తెల్లగా మిగిలిపోతాయో నాకు బాగా తెలుసు. నా బీరువాలోనే అలాంటివి నాలుగున్నాయి. అందుకే లూ మజావ్ పేరు వింటే కాస్త సిగ్గేస్తుంది.

షిల్లాంగ్‌కు చెందిన ఈ ఖాసీ రాక్ గాయకుడు 1972లో మొదలుపెట్టి, ఏటా మే 24న అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పుట్టినరోజు కచేరీ జరుపుతూ వచ్చారు. మేఘాలయ పూర్తి రాష్ట్రమైందీ ఆ ఏడాది జనవరిలోనే. రాష్ట్రం వయసూ కచేరీ వయసూ ఒకటే! ఈలోగా క్యాసెట్లు వచ్చి పోయాయి, సీడీలూ వచ్చి పోయాయి. పుష్య బహుళ పంచమి అంటే మనకు తిరువయ్యారు త్యాగరాజ ఆరాధన గుర్తొచ్చినట్టే, అక్కడ మే 24 అంటే మజావ్.

కెరీర్ అనగానే మనకు మెట్లే కళ్లముందు ఆడతాయి: ఊరు, నగరం, ఆపైన విదేశం. ఈయన 1960ల్లో కలకత్తా వెళ్లి, అక్కడి బ్యాండ్లతో పాడి, మళ్లీ సొంతూరు చేరారు. ‘గ్రేట్ సొసైటీ’ బ్యాండులో పాడారు, సొంత పాటలూ రాసుకున్నారు. జీన్స్ ప్యాంటు కత్తిరించిన నిక్కరు, రెండు కాళ్లకూ రెండు రంగుల మేజోళ్లు, నెరిసిన పొడుగు జుట్టు, వేదికంతా గెంతులు. డిలన్‌లో ఇవేవీ వెతికినా దొరకవు. అభిమాన హీరో జుట్టూ నడకా దించేసే కుర్రాళ్లను చూసి చూసి ఉన్న నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది. అర్ధశతాబ్దం పాటు ఒకరిని ఆరాధించి కూడా ఆయన నకలు కాలేదు.

పట్టుదల ఒంటరి గుణమని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఊదరగొడతాయి. నాకు నమ్మకం లేదు. 1841లో వేల్స్ మిషనరీలు వచ్చినప్పటి నుంచి ఖాసీ కొండల్లో చర్చి పాట ఇంటి పాటైంది. తర్వాత వచ్చిన గిటారూ అక్కడ పరాయిది కాలేదు. వినే ఊరు ఉంది కాబట్టే పాడే మనిషి నిలిచాడు. మన వ్యాయామమో, సంగీత సాధనో మూడోవారానికి మూలపడితే, తప్పు మన మనోబలానిదే కాకపోవచ్చు. ‘ఇవాళ రాలేదేం?’ అని అడిగే పక్కింటివాళ్లు లేకపోవడమూ కారణమే.

అసలు కిటుకు మాత్రం తేదీలో ఉంది. వీలున్నప్పుడు చేద్దామనుకున్న పనికి ఎప్పుడూ వీలు చిక్కదు. మన పెద్దలు నోముకు తిథి పెట్టింది ఊరికే కాదు. మే 24 మజావ్ ఎంచుకున్న రోజు కూడా కాదు, 1941లో మిన్నెసోటాలో ఓ తల్లి నిర్ణయించిన రోజు. ఇక ముందుకు జరపడానికేముంది, వాయిదా వేయడానికేముంది?

2016లో డిలన్‌కు సాహిత్య నోబెల్ ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడి పాటలు వెతుక్కుంది. షిల్లాంగ్‌లో అప్పటికే ఆ పుట్టినరోజు కచేరీకి నలభై నాలుగేళ్లు. మరుసటి మేలో మళ్లీ చేసుకున్నారు.