చిమ్మిలి ఒక్కసారేనా?

ఆడపిల్ల పెద్దమనిషి అయితే మనం ఏం పెడతాం? నువ్వులు, బెల్లం కలిపి దంచి చిమ్మిలి పెడతాం. కొన్ని ఊళ్లలో నువ్వుల ముద్ద అంటారు. ఆ నాలుగు రోజులూ పిల్లని బాగా చూసుకుంటాం. తర్వాత నువ్వుల సంగతే మర్చిపోతాం.

మరి రక్తం పోయేది ఆ ఒక్క నెలేనా? ప్రతి నెలా పోతుంది. కాన్పులో ఇంకా పోతుంది. పోయిన రక్తం మళ్లీ పట్టాలంటే తిండిలో ఇనుము ఉండాలి.

2019-21లో ప్రభుత్వం దేశమంతా సర్వే చేయించింది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లు 100 మందిలో 57 మందికి పైగా రక్తం తక్కువ ఉందని తేలింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. కంటి కింది రెప్ప లోపల పాలిపోయి ఉంటుంది. పని ఎక్కువై నీరసం వచ్చిందనుకుని ఊరుకుంటాం.

నువ్వుల్లో ఇనుము ఉంది. ఎముకలకు కావలసిన కాల్షియం ఇంకా ఎక్కువ ఉంది. 100 గ్రాముల ఆవుపాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. 100 గ్రాముల నువ్వుల్లో 1200కు పైనే. అదంతా ఒంటికి పట్టదు, నిజమే. పాలు గ్లాసెడు తాగుతాం, నువ్వులు రెండు చెంచాలే తింటాం. అయినా పాలు కొనలేని ఇంటికి అది చిన్న సాయమా? కాల్షియం ఎక్కువగా పొట్టులోనే ఉంటుంది. అందుకని పొట్టు తీసిన తెల్ల నువ్వులకన్నా పొట్టుతో ఉన్నవే మేలు.

గానుగ ఆడిస్తే ఈ ఇనుము, కాల్షియం నూనెలోకి రావు. తెలగపిండిలోనే ఉండిపోతాయి. ఆ పిండి మనం గేదెకు పెడుతున్నాం! గోదావరి వైపు తెలగపిండిలో మునగాకు వేసి కూర వండుతారు. బాలింతకు పెడతారు. మంచి అలవాటు. అయితే పిండి శుభ్రమైనది, తాజాది కావాలి. దాణాకు అమ్మేది వద్దు.

రోజూ తినడానికి నువ్వుల పొడి తేలిక. నువ్వులు సన్నని సెగ మీద చిటపటలాడేదాకా వేయించండి. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచండి. గింజ నలగకపోతే సరిగా అరగదు. అన్నంలో రెండు చెంచాల పొడి కలిపి నిమ్మకాయ పిండుకోండి. పులుపు ఉంటే ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. గంటసేపు ఆగండి.

రక్తం బాగా తగ్గినవాళ్లకు నువ్వులు ఒక్కటే చాలవు. ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో అడిగి రక్తపరీక్ష చేయించుకోవాలి. వాళ్లిచ్చే ఐరన్ మాత్రలు మింగాలి. మాత్రలు వాడితే విరేచనం నల్లగా అవుతుంది. దానికి భయపడి మధ్యలో మానేయకండి.